మగబిడ్డ బీజములు దిగకున్నచో
పదునెనిమిది నెలలలోపల చేయింపవలసిన శస్త్రచికిత్స

మంచినీరు, వీధిదీపములు, మురుగుకాలువలు, బాటలు గ్రామ పంచాయతీ సభ్యులకు నిత్యము ఎదురగు సమస్యలు. వీనిని గూర్చి ప్రజలే వచ్చి అడుగుదురు. కాని కొన్ని సమస్యలను గూర్చి ఎవరును నోరు విప్పి అడుగరు. సిగ్గు అడ్డు వచ్చును. అట్టివానిలో ఒకదానిని గూర్చి ఈ నెల పంచాయతీ సభ్యులకు విన్నవింపదలచితిమి.

మగబిడ్డ పుట్టునాటికి బీజములు రెండును వాని స్థానమునకు దిగియుండవలెను. కొందరు బిడ్డలలో ఒకటి గాని రెండును గాని దిగవు. ఇది పుట్టుకతో వచ్చు లోపము. దీనికి చక్కని శస్త్రచికిత్స కలదు. అయితే దానికొక గడువు కూడ కలదు. గడువు దాటిన పిదప చేయించినను పూర్తి ఫలము దక్కదు. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆ గడువును గూర్చియే.

బీజములు దిగుట యన నేమి?

వైద్యులు వృషణములనునవే మన పల్లెలలో బీజములు. అవి ఉండు తోలుసంచిని ఈ వ్యాసమున తిత్తి యని వ్యవహరింతుము. తల్లి కడుపులో శిశువు పెరుగుచున్నప్పుడు బీజములు మొదట తిత్తిలో ఉండవు. అవి కడుపులోపల, మూత్రపిండముల సమీపమున ఏర్పడును. నెలలు పెరిగిన కొలది క్రమముగా క్రిందికి జరిగి, గజ్జలోని ఇరుకైన మార్గము గుండ సాగి, ఏడవ నెల మొదలుకొని తొమ్మిదవ నెల లోపల తిత్తిలోనికి చేరును. ఈ ప్రయాణమునకు దారి చూపు త్రాడువంటి బంధనమును లండను నగరమందలి శస్త్రవైద్యుడు జాన్ హంటర్ వర్ణింపగా, ఆ వర్ణనము 1762లో ప్రకటింపబడినది.

ప్రకృతి వీనిని శరీరమునకు వెలుపల ఏల ఉంచినది? బీజములు చక్కగా పనిచేయుటకు శరీరపు వేడిమికన్న రెండు మొదలు నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు తక్కువ వేడిమి కావలెను. తిత్తి ఆ చల్లదనము నిచ్చును. చలివేళ తిత్తి ముడుచుకొని బీజములను శరీరమునకు దగ్గరగా లాగుకొనుటయు, వేడివేళ సడలి వ్రేలాడుటయు ఈ కారణముననే. బీజము కడుపులోనో గజ్జలోనో నిలిచిపోయినచో శరీరపు వేడిమి దానికి ఎల్లప్పుడును తగులుచుండును. ఆ వేడికి విత్తనకణములు కొంచెము కొంచెముగా నశించును. బిడ్డకు నొప్పి ఉండదు, జ్వరము రాదు, ఆటపాటలకు లోటు ఉండదు. లోపల జరుగు నష్టము పైకి తెలియదు.

ఇది ఎంతమందికి వచ్చును?

నెలలు నిండి పుట్టిన మగబిడ్డలలో నూటికి ఒకరు మొదలు నలుగురి వరకు ఈ లోపము కనబడును. నెలలు నిండక పుట్టినవారిలో ఇది మిక్కిలి అధికము. నూటికి ముప్పది మంది వరకు ఉండవచ్చును. వీరిలో పలువురికి మొదటి కొన్ని నెలలలో బీజము తనంతట తానే దిగును. ఏడాది నిండునాటికి సుమారు నూటికొక్కరు మిగులుదురు. అనగా ఏటేట ఇరువదియైదుమంది మగబిడ్డలు పుట్టు పంచాయతీలో సుమారు నాలుగేండ్లకొక బిడ్డకు ఈ చికిత్స అవసరమగునన్నమాట. ఏ ఊరును దీనికి మినహాయింపు కాదు.

లోపమునకు కారణమిదియే యని ప్రతి బిడ్డ విషయమునను చెప్పుటకు వీలులేదు. నెలలు నిండక పుట్టుట, పుట్టినప్పుడు బరువు తక్కువగా ఉండుట, తండ్రికి గాని సోదరులకు గాని ఈ లోపము ఉండుట దీనికి తోడ్పడును. గ్రహణమునాడు తల్లి కదలినందున గాని, ఆమె తిన్న ఆహారము వలన గాని, ఎవరి దృష్టి తగిలినందున గాని ఇది రాదు. తల్లిని నిందించుట కేవలము అన్యాయము.

మొదట కనిపెట్టువారెవరు?

వీరపునాయునిపల్లె మండలమున అనిమెలకు వెళ్లినను, పాలగిరికి వెళ్లినను, ఇందుకూరికి వెళ్లినను ఉదయవేళ ఒక దృశ్యము కనబడును. అవ్వ కాళ్లు చాచి కూర్చుండి, కాళ్లపై పసిబిడ్డను పరుండబెట్టుకొని, నూనె రాచి, గోరువెచ్చని నీళ్లు పోయుచుండును. బిడ్డ దేహమున ఏ మూల ఏమున్నదో ఆమెకు తెలిసినట్లు మరెవరికిని తెలియదు. ఈ లోపమును మొదట కనిపెట్టవలసినదియు ఆమెయే. గోరువెచ్చని నీళ్లు పడిన తరువాత తిత్తి సడలియుండును. పరీక్షకు అదియే అనువైన వేళ. తిత్తిలో రెండు వైపులను వేరుసెనగ పప్పంత మెత్తని ఉండ వ్రేలికి తగులవలెను. ఒక వైపు తగులకున్నను, రెండు వైపులును తగులకున్నను, ఒక వైపు తిత్తి చిన్నదిగ చదునుగ కనబడినను ఆశా కార్యకర్తకు గాని ఆరోగ్య ఉపకేంద్రపు నర్సుకు గాని చెప్పవలెను. నొక్కి చూడరాదు, లాగరాదు. తాకి చూచుటయే చాలును.

ఇచ్చట ఒక భేదమును తెలిసికొనవలెను. కొందరు బిడ్డలలో బీజము ఒకప్పుడు తిత్తిలో ఉండును, మరొకప్పుడు గజ్జలోనికి పోవును. చలికి గాని చేయి తగిలినప్పుడు గాని పైకి పోయి, వెచ్చదనమునకు మరల దిగును. ఇది సామాన్యముగా లోపము కాదు. దీనికి శస్త్రచికిత్స అక్కరలేదు. అయినను ఇట్టి బీజములలో కొన్ని పిల్లవాడు పెరిగిన కొలది పైననే నిలిచిపోవును. కనుక ఏడాదికొకసారి వైద్యునికి చూపుచుండవలెను. పుట్టినప్పుడు సరిగా ఉన్న బీజము ఐదారేండ్ల వయస్సున పైకి పోవుటయు కలదు. అందుచే ఒకసారి చూచితిమి గదా యని నిశ్చింతగా ఉండరాదు.

ఆలస్యము చేయరాని సందర్భములు రెండు కలవు. మొదటిది: అప్పుడే పుట్టిన బిడ్డకు రెండు బీజములును ఎచ్చటను చేతికి తగులకున్నచో, లేక దానితోపాటు మూత్రద్వారము ఉండవలసిన చోట లేకున్నచో, అదే దినమున వైద్యునికి చూపవలెను. పైకి మగబిడ్డవలె కనబడినను లోపల ఆడబిడ్డయై, మూత్రపిండములపైనుండు గ్రంథుల లోపము వలన అట్లు కనబడుట అరుదుగా జరుగును. అట్టి బిడ్డకు మొదటి కొద్ది వారములలోనే శరీరములోని ఉప్పు తగ్గి ప్రాణాపాయము కలుగవచ్చును. మందుల వలన బిడ్డను రక్షింపవచ్చును. రెండవది: బీజము దిగని పిల్లవానికి గజ్జలో అకస్మాత్తుగా నొప్పియు, వాపును, వాంతులును వచ్చినచో బీజము మెలితిరిగినదో, ప్రేగు గజ్జలో చిక్కుకొన్నదో యని భావింపవలెను. మెలితిరిగిన బీజము దక్కవలెనన్న సుమారు ఆరు గంటలలోపల శస్త్రచికిత్స జరుగవలెను. వెంటనే 108 వాహనమును పిలువవలెను. తెల్లవారనిమ్మని ఆగరాదు.

గడువు ఎంత?

“పెద్దవాడయినచో అదే దిగును” అను మాట మన పల్లెలలో తరచుగా వినబడును. ఇందు కొంత నిజము కలదు. ఆ కొంత నిజమే బిడ్డలకు ఎక్కువ కీడు చేయుచున్నది. బీజము తనంతట తాను దిగుట మొదటి ఆరు నెలలలోనే జరుగును. ఆ తరువాత దిగునను ఆశ చాల స్వల్పము. నెలలు నిండక పుట్టిన బిడ్డకు ఈ ఆరు నెలలను కాన్పు కావలసియున్న తేదీ మొదలుకొని లెక్కింపవలెను.

అమెరికా దేశపు మూత్రావయవ వైద్యుల సంఘము 2014లో ప్రకటించిన సూచనల ప్రకారము, ఆరు నెలలకు దిగని బిడ్డను నిపుణునికి చూపవలెను. తరువాతి సంవత్సరములోపల, అనగా పదునెనిమిది నెలలు నిండకమునుపే, శస్త్రచికిత్స జరుగవలెను. ఐరోపా వైద్యుల అభిప్రాయమును ఇట్టిదే. ఈ తొందరకు కారణము కలదు. మొదటి ఏటనే బీజములోని ఆదికణములు మార్పుచెంది, మున్ముందు విత్తనమునకు ఆధారమగు కణములుగా రూపొందును. వేడిలో ఉన్న బీజమున ఈ మార్పు సరిగా జరుగదు. స్వీడన్ దేశమున కొందరు బిడ్డలకు తొమ్మిదవ నెలను, కొందరికి మూడవ ఏటను ఈ శస్త్రచికిత్స చేసి పోల్చి చూచిరి. తొమ్మిదవ నెలను చేయించుకొన్నవారి బీజములు ఎక్కువగా పెరిగినట్లు 2007లో వెల్లడించిరి.

కావున గుర్తుంచుకొనవలసిన అంకెలు రెండే: ఆరు నెలలకు చూపుట, పదునెనిమిది నెలలలోపల చేయించుట.

చేయింపకున్న కలుగు నష్టములు

మొదటిది సంతాన విషయము. ఒక బీజము మాత్రమే దిగక, రెండవది సరిగా ఉన్నవారిలో చాలమందికి సంతానము కలుగును. రెండును దిగక, చికిత్స లేక పెరిగినవారికి సంతానము కలుగుట మిక్కిలి కష్టము.

రెండవది, ఈ బిడ్డలలో అత్యధికులకు గజ్జలోని మార్గము మూసికొనక తెరచియుండును. అందు ప్రేగు దిగి చిక్కుకొను ప్రమాదము కలదు. మూడవది, ఇంతకుముందు చెప్పినట్లు బీజము మెలితిరుగుట. నాలుగవది, పెద్దయిన తరువాత బీజమునకు క్యాన్సరు వచ్చు అవకాశము ఇతరులకన్న ఎక్కువగుట. స్వీడన్ దేశమున ఈ శస్త్రచికిత్స పొందిన 16,983 మంది పురుషుల వృత్తాంతమును పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, పదుమూడేండ్లకు ముందు చేయించుకొన్నవారికి ఈ ప్రమాదము సామాన్య ప్రజలలో కన్న రెండింతలకు కొంచెము మించియుండగా, తరువాత చేయించుకొన్నవారికి ఐదింతలు దాటినది. ఇది మన దేశమున అరుదైన క్యాన్సరు. తల్లిదండ్రులు భయపడవలసిన పనిలేదు. కాని చికిత్స ఎంత శీఘ్రముగ జరిగిన అంత మేలు అని ఈ అంకెలును చెప్పుచున్నవి.

ఇక సంఘమున జరుగు నష్టమును ఏ పరిశోధనయు లెక్కింపలేదు. ఒక కుటుంబమును ఊహింతము. ఏడవ నెలలో ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను ఆసుపత్రికి చూపుమని చెప్పినది. “వేరుసెనగ చేతికి రానిమ్ము” అని తండ్రి అనినాడు. ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడు ఆడబిడ్డ పెండ్లి వచ్చినది. పిల్లవాడు బడికి పోవుచున్నాడు, చెట్లెక్కుచున్నాడు, ఏటిలో ఈదుచున్నాడు. లోపమున్నట్లే ఎవరికిని తోచదు. వాడు పెరిగి సైన్యములో చేరుటకు పోగా, అచ్చటి వైద్యపరీక్షలో లోపము బయటపడినది. లేదా అదియు లేక, పెండ్లియై ఐదేండ్లు గడచినను సంతానము కలుగలేదు. ఊరివారు కోడలిని గొడ్రాలనిరి. ఆమెను గుడులకు త్రిప్పిరి, మందులు మ్రింగించిరి. భర్తను పరీక్షింపవలెనని ఎవరికిని తోచలేదు. ఈ కథలో దుర్మార్గులెవరును లేరు. ఏడవ నెలలో చేయవలసిన పనిని వాయిదా వేసిరి, అంతే. ఆ వాయిదాకు మూల్యము చెల్లించినది మాత్రము ఆనాటికి ఆ ఇంట అడుగైనను పెట్టని ఒక స్త్రీ.

విత్తనమునకు కోడెదూడను నిలుపునప్పుడు మన రైతు ఏమేమి చూచునో మన కందరికిని తెలియును. బీజములు రెండును సరిగా దిగియున్నవో లేవో చూడక ఏ రైతును కోడెను విత్తనమునకు ఉంచడు. పశువు విషయమున ఇంత జాగ్రత్తగల మనము కన్నబిడ్డ విషయమున సిగ్గుపడి ఊరకుండుట తగునా?

శస్త్రచికిత్స జరుగు విధము

దిగని బీజమును క్రిందికి తెచ్చి తిత్తిలో నిలుపుటయే ఈ చికిత్స. దీనిని మొదట జయప్రదముగా చేసినవాడు ఎడింబరో నగరమందలి శస్త్రవైద్యుడు థామస్ అన్నండేల్. ఇది 1877 నాటి మాట. 1899లో షికాగో నగరమందలి ఆర్థర్ బెవాన్ చెప్పిన పద్ధతి తరువాతివారికి మార్గదర్శకమైనది. నాటినుండి నేటివరకు ఈ విద్య ఎంతో మెరుగుపడినది. నేడిది శిశు శస్త్రవైద్యులు తరచుగా చేయు చికిత్సలలో ఒకటి.

బిడ్డకు మత్తు ఇచ్చి నిద్రపుచ్చుదురు. మేల్కొన్న తరువాత నొప్పి తెలియకుండుటకు సామాన్యముగా నడుము క్రిందిభాగమున కూడ మందు ఎక్కింతురు. నిద్రలో కండరములు సడలును గనుక, వైద్యుడు మరల ఒకసారి చేతితో చూచి బీజము ఉన్న చోటు నిర్ధారించుకొనును. గజ్జలో చర్మపు మడత వెంట చిన్న గాటు పెట్టి, బీజమును కనుగొని, దానిని పట్టియుంచిన పొరలను విడదీయును. దాని రక్తనాళములకును విత్తనవాహికకును హాని కలుగకుండ చూచుట ఈ పనిలోని నేర్పు. తెరచియున్న మార్గపు సంచిని కట్టివేయును. తరువాత తిత్తిపై మరొక చిన్న గాటు పెట్టి, చర్మము క్రింద ఒక అరను చేసి, బీజమును అందులోనికి దించి, మరల పైకి పోకుండ అమర్చును. సుమారు ఒక గంట పట్టును. చర్మము లోపల వేయు కుట్లు చాలవరకు తమంతట కరగిపోవును. పలువురు బిడ్డలు అదే దినమున గాని మరునాడు గాని ఇంటికి వచ్చెదరు.

దిగని బీజములలో నూటికి డెబ్బది ఎనుబది వరకు గజ్జలోనో దాని సమీపముననో చేతికి తగులును. మిగిలినవి కడుపులో ఉండవచ్చును, లేక ఎండిపోయి ఉండవచ్చును, అసలు లేకనే పోవచ్చును. ఇట్టి సందర్భమున బొడ్డువద్ద చిన్న రంధ్రము చేసి దీపముగల గొట్టముతో లోపల చూతురు. దీనినే లాపరోస్కోపీ యందురు. బీజము చాల ఎత్తున ఉండి రక్తనాళములు పొట్టిగా ఉన్నచో, ఆస్ట్రేలియా దేశపు వైద్యులు ఫౌలర్, స్టీఫెన్స్ 1959లో వివరించిన ఉపాయమును అనుసరించి రెండు విడతలుగా చేయుదురు. మొదటి విడతకును రెండవ విడతకును నడుమ సుమారు ఆరు నెలల వ్యవధి ఉండును. మొదటి విడత ముగిసినదని తృప్తిపడి రెండవదానికి పోకుండుట పెద్ద పొరపాటు.

బీజము దిగుటకు హార్మోను సూదులు వేయు పద్ధతి ఒకప్పుడు ఉండెను. వాని ఫలితము స్వల్పమని తేలినందున నేటి వైద్యసంఘములు దానిని సిఫారసు చేయుట లేదు. నిపుణునికి చూపుటకు ముందు స్కానింగు తీయించుటయు సామాన్యముగా అవసరము లేదు. స్కానింగునకు డబ్బు లేదని బిడ్డను చూపుట ఆపరాదు. నూనె మర్దనము, తాయెత్తు, నాటుమందు వీనివలన బీజము దిగదు. బలముగా మర్దించుట వలన గాయము కలుగును. అంతకుమించి విలువైన నెలలు వ్యర్థమగును.

తల్లిదండ్రులు పాటింపవలసినవి

శస్త్రచికిత్సకు ముందు బిడ్డ కడుపు ఖాళీగా ఉండవలెను. సామాన్యముగా మత్తు ఇచ్చుటకు ఆరు గంటల ముందునుండి ఆహారమును, పోతపాలును ఆపుదురు. తల్లిపాలు నాలుగు గంటల ముందునుండియు, నీరు రెండు గంటల ముందునుండియు ఆపుదురు. మత్తు వైద్యుడు చెప్పిన వేళను తు.చ. తప్పక పాటింపవలెను. బిడ్డ ఏడ్చుచున్నాడని అవ్వ చాటుగా రెండు చెంచాల పాలు త్రాగించుట ప్రేమయే యైనను, ఆ పాలు మత్తులో ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగవచ్చును. జలుబు, దగ్గు, జ్వరము ఉన్నచో దాచక చెప్పవలెను. అప్పుడు కొద్ది దినములు వాయిదా వేయుదురు. అది తగిన వాయిదా.

ఇంటికి వచ్చిన తరువాత గాయమును పొడిగ, శుభ్రముగ ఉంచవలెను. పసుపు, బూడిద, పేడ మొదలగునవి పెట్టరాదు. స్నానము ఎప్పుడు చేయింపవలెనో వైద్యుని అడిగి చేయింపవలెను. రెండు వారములపాటు బిడ్డను చంకన కాళ్లు ఎడముగ పెట్టి ఎత్తుకొనరాదు; రెండు చేతులపై అడ్డముగ ఎత్తుకొనవలెను. పెద్దపిల్లలను సైకిలు ఎక్కనీయరాదు. కొంచెము వాపు, కమిలిన రంగు సహజములు. జ్వరము, చీము, పెరుగుచున్న వాపు కనబడినచో వెంటనే చూపవలెను. చెప్పిన తేదీలకు తప్పక తిరిగి పోవలెను. ఆరు నెలలకో ఏడాదికో బీజము చక్కగా పెరుగుచున్నదా యని వైద్యుడు చూచును. పిల్లవాడు యుక్తవయస్కుడైన తరువాత తనకు చిన్నతనమున ఇట్టి చికిత్స జరిగినదని వానికి చెప్పవలెను. నెలకొకసారి తనను తాను పరీక్షించుకొని, గట్టి గడ్డ ఏదైన తగిలినచో వైద్యునికి చూపవలెనని నేర్పవలెను. చికిత్సకు సంబంధించిన కాగితములను భూమి పత్రములవలె భద్రపరుపవలెను.

పదునెనిమిది నెలలు దాటిన బిడ్డ ఉన్నచో ఇక చేయునదేమియు లేదని నిరాశ చెందరాదు. మూడేండ్లవానికైనను, పదేండ్లవానికైనను శస్త్రచికిత్స మేలే చేయును. గడువు దాటినది గనుక మరింత త్వరపడవలెను.

చికిత్స లభించు చోట్లు

మన ప్రాంతమున ఆసుపత్రి వైద్యము కొత్త కాదు. లండను మిషనరీలు స్థాపించిన జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి పేరు ఈ ప్రాంతపు పెద్దల కందరికిని తెలిసినదే. నేడు ప్రొద్దుటూరునను పులివెందులనను ప్రభుత్వ ఆసుపత్రులు కలవు. కడప నగరమున 2006లో ఏర్పడిన వైద్యకళాశాలకు అనుబంధముగా సర్వజన ఆసుపత్రి కలదు. దానిని ప్రజలు రిమ్స్ అని పిలుతురు. కర్నూలు వైద్యకళాశాల 1957 నాటిది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల 1960 నాటిది. ఇది పసిబిడ్డకు మత్తు ఇచ్చి చేయు పని గనుక, శిశు శస్త్రవైద్యులును, పసిబిడ్డలకు మత్తు ఇచ్చుటలో అనుభవము గలవారును ఉన్న చోటనే చేయించుట మంచిది. బిడ్డను ముందు మండలమందలి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునికి చూపి, ఏ ఆసుపత్రిలో ఏ దినమున నిపుణులు కూర్చుందురో ఆయన ద్వారా కనుగొని, సిఫారసు కాగితముతో పంపవలెను. కూలి మానుకొని కడపకు పోయి, వైద్యుడు లేడని తెలిసి తిరిగివచ్చిన తండ్రి రెండవసారి పోవుట అరుదు.

ఖర్చును గూర్చి తల్లిదండ్రులకు భయముండును. ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స ఉచితము. ఇదిగాక, రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ పేరున ప్రారంభమై, నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరున నడచుచున్న పథకము కలదు. ప్రైవేటు ఆసుపత్రికి పోవువారు అచ్చటి పథకపు సహాయకుని వద్ద తమ కార్డు చూపి, ముందుగానే విచారించుకొనవలెను. అప్పు చేయకమునుపు ఈ విచారణ జరుగవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలను, ఒకసారి బడులను దర్శించి పిల్లలను పరీక్షించును. అయితే ఆ కార్యక్రమపు మూలపట్టికలో పేర్కొన్న తొమ్మిది జన్మలోపములలో బీజములు దిగకపోవుట లేదు. కనుక బృందము వారే కనుగొందురులే యని ఊరకుండరాదు. తల్లి నోరు విప్పి అడుగవలెను. ఆమెకు ఆ ధైర్యము కల్పించుట పంచాయతీ సభ్యుల పని. ఇందుకు మేము కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది. ఆశా కార్యకర్త పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి చూచును. తరువాత 3, 6, 9, 12, 15వ నెలలలో మరల వచ్చును. 42వ దినమునను, మూడవ నెలను మగబిడ్డ బీజములను గూర్చి తల్లిని అడుగవలెననియు, ఆరవ నెలను దిగకున్నచో వైద్యునివద్దకు పంపవలెననియు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశమున నిర్ణయించుకొనవచ్చును. దీనికి ప్రత్యేకముగ ఖర్చు లేదు.

రెండవది. తొమ్మిదవ నెలను తట్టు టీకాకు ప్రతి తల్లియు బిడ్డను తెచ్చును. అంతవరకు చూపని బిడ్డకు అది మరొక అవకాశము. టీకా దినమున నర్సు ఒక్కమాట అడిగిన చాలును.

మూడవది. ఆరు నెలలు దాటిన బిడ్డ ఉన్నచో, ఆ తండ్రితో పంచాయతీ సభ్యుడొకరు ఏకాంతమున మాటలాడవలెను. వీలైనచో చికిత్స జరిగిన బిడ్డ తండ్రిని, అతడు అంగీకరించిన పక్షమున, వెంట తీసికొనిపోవలెను. ప్రభుత్వపు కరపత్రములు పది చెప్పలేని ధైర్యమును అట్టివాని ఒక్కమాట చెప్పును.

నాలుగవది. విత్తు కాలమునను, కోత కాలమునను ఆసుపత్రికి పోవుట కష్టమని మాకు తెలియును. ఆ దినములలో ఇంట మిగిలిన పిల్లలను, పశువులను చూచుటకు ఇరుగుపొరుగువారిని ఒప్పించుట, ఆసుపత్రికి తోడు పోవుటకు ఒకరిని ఏర్పరచుట పంచాయతీకి కష్టము కాదు. శస్త్రచికిత్స ఆగిపోవునది తరచుగా భయము వలన కాదు, బర్రెకు మేత వేయువారు లేక.

ఐదవది, అన్నింటికన్న ముఖ్యమైనది. ఏ బిడ్డ పేరును గ్రామసభలో గాని, రచ్చబండవద్ద గాని ఎత్తరాదు. ఈ లోపమును గూర్చి బహిరంగముగ చెప్పవచ్చును. లోపమున్న బిడ్డను గూర్చి చెప్పరాదు. నేటి మాట ఆ పిల్లవానిని బడికిని, పెండ్లిచూపులకును వెంటాడును. పేరు బయటపడునను భయము కలిగిన ఊరిలో ఏ తల్లియు బిడ్డను చూపదు.

ఈ ఊరికి నీళ్లు తెచ్చినది ఎవరు, బాట వేయించినది ఎవరు అని పదిమంది చెప్పుకొందురు. ఒక బిడ్డను ఏడవ నెలలో వైద్యునివద్దకు పంపిన సభ్యుని పేరు ఎవరును చెప్పుకొనరు. ఆ బిడ్డకే తెలియకపోవచ్చును. ఇరువదియైదేండ్ల తరువాత అతని ఇంట అవ్వ కాళ్లు చాచి కూర్చుండి మనుమనికి నీళ్లు పోయుచుండును. ఆ నీళ్ల చప్పుడే ఆ సభ్యుడు చేసిన సేవకు సాక్ష్యము.